కోమికో: ఫెర్నాన్ గోమెస్ గురించి నా వాదన

యూట్యూబ్‌లో ఫెర్నాందో ఫెర్నాన్ గోమెస్ అని వెతికితే చాలాసార్లు ముందు ఎదురయ్యేది ఒక చిన్న వీడియో. తెల్లగడ్డం, పొడవాటి మనిషి, ఉరిమినట్టుండే గొంతు. సంతకం కోసం వదలకుండా వెంటపడుతున్న ఒక అభిమాని మీద ఆయనకు కోపం కట్టలు తెంచుకుంటుంది. 'పెంటలోకి పో' అనే అర్థం వచ్చే తిట్టు ఒకటి గట్టిగా అరుస్తారు. అంతే. స్పెయిన్‌లో ఆ తిట్టు మీమ్ అయిపోయింది. దాదాపు 200 సినిమాల్లో నటించి, ఇరవైకి పైగా సినిమాలు తీసి, నాటకాలూ నవలలూ ఆత్మకథా రాసిన మనిషి చివరికి ఒక తిట్టుగా మిగిలాడు.

ఇది చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

నేను ఆయన్ని మొదట చూసింది వేరే చోట. చాలా ఏళ్ళ కిందట హైదరాబాదులో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్ళు 'లా లెంగ్వా దె లాస్ మరిపోసాస్' వేశారు. సీతాకోకచిలుకల నాలుక అని దాని అర్థం. 1999లో హోసే లూయిస్ కువెర్దా తీసిన సినిమా. 1936లో గలీసియా ప్రాంతపు చిన్న ఊళ్ళో ఒక ముసలి బడిపంతులు, ఆయనంటే ప్రాణం పెట్టే ఒక పిల్లవాడు. పంతులు ఎవర్నీ కొట్టడు. పిల్లల్ని అడవిలోకి తీసుకెళ్ళి పురుగుల్నీ సీతాకోకచిలుకల్నీ చూపిస్తాడు. అంతలో సైనిక తిరుగుబాటు. పంతుల్ని, ఇంకొంతమందిని చేతులు కట్టి లారీ ఎక్కిస్తుంటారు. పిల్లవాడి తల్లికి భయం, తన మొగుణ్ణి కూడా పట్టుకుపోతారని. అందుకే అందరితో కలిసి అరవమని ఇంట్లోవాళ్ళకు చెబుతుంది. పిల్లవాడు అరుస్తాడు. నాస్తికుడా, ఎర్రవాడా అని. లారీ వెనక పరుగెత్తి రాయి విసురుతాడు. తిట్లు అయిపోయాక వాడి నోట్లోంచి వచ్చేవి ఆ పంతులు నేర్పిన మాటలే, పక్షి పేరు, సీతాకోకచిలుక నాలుక పేరు. లారీలో నిలబడిన ముసలాయన ముఖం మీద ఒక్క డైలాగు లేదు. నేను ఆ రాత్రి ఆటో మాట్లాడుకోవడం కూడా మర్చిపోయి మాసబ్ ట్యాంక్ దాకా నడిచాను.

ఆ ముఖం ఎవరిదో తెలుసుకుందామని మొదలుపెట్టింది ఇంతకాలం సాగింది. సబ్‌టైటిల్స్ దొరికినవి దొరికినట్టు, దొరకనివి అరకొర స్పానిష్‌తో చూస్తూ వచ్చాను. ఆయన గురించి రాసే ప్రతివాళ్ళూ 'బహుముఖ ప్రజ్ఞాశాలి' అనే మాట వాడతారు. నటుడు, దర్శకుడు, రచయిత అని మూడు పెట్టెలు గీసి మూడింట్లోనూ మార్కులు వేస్తారు. నాకు ఆ లెక్క నచ్చదు. ఆయన మూడు పనులు చేయలేదు, ఒకటే చేశారు. ఆ పనికి స్పానిష్‌లో పాత మాట ఒకటుంది: కోమికో. హాస్యనటుడు అని కాదు. ఊరూరా తిరిగి నాటకాలాడి పొట్టపోసుకునే మనిషి అని. మర్యాద ఎక్కువ లేని మాట. ఆయన తన గురించి మాట్లాడేటప్పుడు ఇష్టంగా వాడుకున్న మాట అదే.

తెలుగులో దీనికి సరిపోయే మాట నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. నాటకాలోడు. మా అమ్మ వాళ్ళ నాన్న తెనాలి దగ్గర పల్లెలో పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవారు. ఆయన వేళ్ళు మెట్ల మీద పడితే ఊరంతా తెల్లారేదాకా కదిలేది కాదు. ఆ తెల్లారే అదే ఊరు 'నాటకాలోడికి పిల్లనెవరిస్తారు' అనేది. రాత్రి చప్పట్లు, పొద్దున చులకన. ఫెర్నాన్ గోమెస్ సినిమాలు చూస్తుంటే తాతయ్య గుర్తుకు రావడం అందువల్లే.

ఆ చులకన ఆయనకు పుట్టుకతోనే తగిలింది. 1921 ఆగస్టు 28న పెరూ రాజధాని లిమాలో పుట్టారు. తల్లి కరోలా ఫెర్నాన్ గోమెస్ నటి, నాటక ప్రదర్శనల కోసం దక్షిణ అమెరికాలో తిరుగుతున్న రోజులవి. పుట్టుక నమోదు చేయించింది మాత్రం కొన్నాళ్ళ తర్వాత బ్యూనస్ ఐరిస్‌లో. అలా అర్జెంటీనా పౌరుడై, 1984 దాకా ఆ పాస్‌పోర్టుతోనే ఉన్నారు. మాడ్రిడ్ వీధుల గురించి, మాడ్రిడ్ మనుషుల గురించి ఆయనంత బాగా చెప్పినవాళ్ళు అరుదు, అయినా అరవై దాటేదాకా కాగితాల మీద పరాయివాడే.

తండ్రి లూయిస్ ఫెర్నాందో దియాస్ దె మెందోసా. స్పెయిన్ రంగస్థలానికి మహారాణి లాంటి మరియా గెర్రేరో కొడుకు. ఆమె భర్త నటుడే కాదు, కులీన కుటుంబం వాడు. కరోలాతో కొడుకు పెళ్ళి ఆ ఇంట్లో జరగనివ్వలేదు. తండ్రి పేరు కొడుక్కి దక్కలేదు. తల్లి రంగస్థలం మీద పెట్టుకున్న పేరే ఆయన జీవితాంతం మోశారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నాటకాలవాళ్ళను చులకన చేసింది ఊరి పెద్దలు కాదు, సాక్షాత్తూ నాటకాల ఇల్లే. ఒకే వృత్తిలో పై మెట్టు మీదివాళ్ళు కింది మెట్టు వాళ్ళను ఎలా చూస్తారో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తల్లి ప్రదర్శనలంటూ ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే మాడ్రిడ్‌లో అమ్మమ్మ పెంచింది.

1936 జులైలో అంతర్యుద్ధం మొదలయ్యేసరికి ఆయనకు ఇంకా పదిహేను నిండలేదు. మాడ్రిడ్ ముట్టడిలో దాదాపు రెండున్నరేళ్ళు గడిపింది. నాటకశాలలు కార్మిక సంఘాల చేతిలోకి వచ్చాయి. రాజ్యమే అక్కర్లేదనే అరాచకవాదుల కార్మిక సమాఖ్య సీఎన్‌టీ నడిపిన నటన బడిలో ఆ కుర్రాడు చేరాడు. 1938లో లౌరా పినీయోస్ కంపెనీలో వేషాలు మొదలు. బాంబులు పడే ఊళ్ళో, తిండి దొరకని ఊళ్ళో, సాయంత్రం కాగానే రంగు పూసుకుని స్టేజీ ఎక్కేవాళ్ళు. నటన అంటే ఏదో వరం కాదు, మేస్త్రీ పనిలా, బట్టలు కుట్టే పనిలా అదీ ఒక పని, దానికీ కూలి ఉండాలి, దానికీ సంఘం ఉండాలి అనే ఆలోచన ఆయనకు అక్కడ పట్టుబడిందని నా నమ్మకం. ఆ తర్వాత డెబ్భై ఏళ్ళలో ఆయన చేసినదేదీ దీనికి ఎదురు వెళ్ళదు.

1939లో సైనిక తిరుగుబాటు నాయకుడు ఫ్రాంకో గెలిచాడు. యుద్ధం ముగిశాక నాటక రచయిత ఎన్రికే హార్దియెల్ పొన్సేలా ఈ ఎర్రజుట్టు, పొడుగు కాళ్ళు, ఏమాత్రం హీరోలా లేని కుర్రాణ్ణి చూసి వేషాలిచ్చాడు. 1943లో సినిమా. అక్కడినుంచి వరద. ప్రేమకథలు, సైనిక శిక్షణ కుర్రాళ్ళ కామెడీలు, మతప్రచార చిత్రాలు. 1951లో వచ్చిన 'బలర్రాసా'లో సైన్యం వదిలి మతగురువుగా మారే మనిషి పాత్ర ఆయన్ని స్టార్ చేసింది. అరాచకవాదుల బడిలో చదువుకున్నవాడు ఫ్రాంకో కాలపు మతభక్తి సినిమాతో పేరు తెచ్చుకోవడం కొందరికి మింగుడుపడదు. నాకు మాత్రం అందులో ఆశ్చర్యం లేదు. వేషం దొరికితే వేయాలి, లేకపోతే ఇల్లు గడవదు. ఆ సినిమాల్లో చాలావాటిని ఇవాళ చూడక్కర్లేదు కూడా. మంచివి కొన్నున్నాయి. దర్శకులు బర్దెమ్, బెర్లాంగా కలిసి తీసిన మొదటి సినిమా 'ఏసా పరేహా ఫెలీస్'లో ఆయన సినిమా స్టూడియోలో పనిచేసే ఎలక్ట్రీషియన్. ఒక సబ్బుల కంపెనీ పోటీలో గెలిచి భార్యతో కలిసి ఒక్క రోజు 'సంతోషపు జంట'గా ఊరంతా తిరగాల్సి వస్తుంది. చేతినిండా బహుమతులు, జేబులో డబ్బు లేదు. ఆ పాత్రలో ఆయన ముఖం చూస్తే ఇది నటన అనిపించదు.

సంపాదించిన డబ్బుతో ఏం చేశారో కూడా చూడాలి. 1949లో కఫే హిహోన్ అనే కాఫీ హోటల్ పేరుతో చిన్న నవలలకు ఒక బహుమతి పెట్టారు. మాడ్రిడ్‌లో రచయితలు, నటులు, చిత్రకారులు గంటల తరబడి ఒక్క కాఫీ మీద కూర్చునే చోటు అది. బహుమతి సొమ్ము ఆయన జేబులోంచి. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు. రాసేవాళ్ళ మధ్య కూర్చోవాలనే ఆశ అంత గాఢంగా ఉండేది.

యాభైల్లో దర్శకత్వం మొదలుపెట్టారు. 1958లో 'లా వీదా పోర్ దెలాంతే' తీశారు, ముందున్న జీవితం అని. కొత్తగా పెళ్ళయిన జంట, ఇల్లు దొరకదు, ఉద్యోగం నిలవదు. హీరో ఆయనే, పక్కన అనాలియా గదే. ఇందులో ఒక సన్నివేశం గురించి చెప్పకుండా ఉండలేను. రోడ్డు ప్రమాదం జరుగుతుంది. చూసిన సాక్షికి నత్తి. గొప్ప నటుడు హోసే ఇస్బెర్ట్ ఆ పాత్ర వేశాడు. అతను నత్తినత్తిగా చెబుతుంటే తెర మీద మనం చూసే ప్రమాదం కూడా నత్తి కొడుతుంది. బండి ముందుకొచ్చి ఆగి, మళ్ళీ వెనక్కెళ్ళి ముందుకొస్తుంది. చెప్పేవాడి గొంతు మారితే జరిగిన సంగతే మారిపోతుందని ఇంత తేలిగ్గా, ఇంత సరదాగా చూపించిన సినిమా నాకు ఇంకోటి తెలియదు. ఇది రాసేవాడికి మాత్రమే తట్టదు, తీసేవాడికి మాత్రమే తట్టదు. గొంతుతో బతికే మనిషికి తడుతుంది.

ఇప్పుడు అసలు సినిమా దగ్గరికి వస్తాను. 'ఎల్ ముందో సిగే', లోకం సాగుతూనే ఉంటుంది. 1963లో తీసింది. హువాన్ ఆంతోనియో దె సున్సునేగి నవల ఆధారం. మాడ్రిడ్‌లో ఒక పేద కుటుంబం, ఒకరంటే ఒకరికి పడని ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఒకామె ఒకప్పుడు ఆ పేటకు అందాల రాణి, ఇప్పుడు హోటల్లో సర్వర్‌గా పనిచేసేవాడి భార్య, పిల్లల తల్లి. ఆ సర్వర్ పాత్ర ఫెర్నాన్ గోమెస్. ఫుట్‌బాల్ పందేల కూపన్ల పిచ్చి. ప్రతి ఆదివారం ఈసారి తగులుతుందని నమ్ముతాడు, ఇంట్లో బియ్యపు గింజ ఉండదు. రెండో ఆమె డబ్బున్న మగవాళ్ళను ఒకరి తర్వాత ఒకరిని పట్టుకుని పైకి పాకుతుంది. లీనా కనలేహాస్, హెమ్మా క్వేర్వో ఆ ఇద్దరూ. వాళ్ళు పోట్లాడుకుంటుంటే మనం ఆ ఇంటి మెట్ల మీద నిలబడి వింటున్నట్టుంటుంది. తిట్టుకున్న నోళ్ళు, మధ్యలో నలిగిపోయే తల్లి. ముగింపు చెప్పను. అది చూశాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

ఫ్రాంకో ప్రభుత్వానికి ఈ స్పెయిన్ కనపడటం ఇష్టం లేదు. ఆ రోజుల్లో సినిమాలకు ప్రభుత్వం తరగతులు ఇచ్చేది. తరగతి తక్కువైతే సాయం అందదు, పంపిణీదారు ముట్టుకోడు. సెన్సారు చిక్కులన్నీ దాటి ఈ సినిమా 1965లో విడుదలైంది. ఎక్కడ? మాడ్రిడ్‌లో కాదు, బార్సిలోనాలో కాదు. బిల్బావోలో ఒకే ఒక్క థియేటర్లో. అంతే, మాయమైపోయింది. దేశమంతా చూసేలా మళ్ళీ థియేటర్లకు వచ్చింది 2015లో. అప్పటికి ఆయన పోయి ఎనిమిదేళ్ళు.

మరుసటి ఏడాది తీసిన 'ఎల్ ఎస్త్రాన్యో వియాహే', వింత ప్రయాణం, గతి కూడా అదే. పల్లెటూరు, ఇంట్లో మగ్గిపోయిన ముగ్గురు వయసు మళ్ళిన తోబుట్టువులు, ఒక హత్య. 1964లో పూర్తయితే 1969 దాకా తెర ముఖం చూడలేదు. ఇవాళ స్పానిష్ సినిమా చరిత్ర రాసేవాళ్ళు ఈ రెండింటినీ అత్యుత్తమాల్లో చేరుస్తారు. నాకు సంతోషమే. కానీ ఒక మనిషి నలభై మూడేళ్ళ వయసులో, చేయి తిరిగి, చెప్పాల్సింది గొంతుదాకా వచ్చిన సమయంలో, ఇలా రెండు సినిమాలు పాతిపెడితే ఆ తర్వాత ఆయన తీయకుండా ఉండిపోయిన సినిమాలెన్ని? వాటిని ఎవరు తిరిగి తెస్తారు? అందుకే 'ఆలస్యంగానైనా గుర్తింపు దక్కింది' అనే వాక్యం చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఇక్కడ విమర్శకులు ఒక మాట అంటారు. ఆయన అన్ని చెత్త సినిమాల్లో నటించకుండా తన దర్శకత్వం మీద దృష్టి పెట్టి ఉంటే ఇంకా గొప్పవాడై ఉండేవాడని. దర్శకుడు బున్యువెల్ లాగా ఒక ముద్ర, ఒక పంథా ఏర్పడేదని. ఈ మాట అనేవాళ్ళకు నెల జీతం ఉండి ఉంటుంది. బ్రతుకుతెరువు కోసం ఒప్పుకున్న ఆ వేషాలే ఆయనకు సర్వర్ నడక నేర్పాయి, ఎలక్ట్రీషియన్ భుజాలు నేర్పాయి, షూటింగ్ ఆగిపోతే కూలి పోతుందేమోననే టెన్షన్ నేర్పాయి. ఆయన రాసిన ప్రతి కథలోనూ ఉన్నది ఆ టెన్షనే. రేపు పని ఉంటుందా? అది తీసేస్తే ఫెర్నాన్ గోమెస్ మిగలరు.

డెబ్భైల్లో మిగతా దర్శకులు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. విక్తోర్ ఎరీసే 1973లో తీసిన 'ఎల్ ఎస్పీరితు దె లా కొల్మేనా'లో అద్దాల తేనెపట్టు ముందు రాత్రుళ్ళు కూర్చుని రాసుకునే తండ్రి ఆయనే. యుద్ధంలో ఓడిపోయిన తరం మౌనమంతా ఆ వంగిన వీపులో ఉంటుంది. దర్శకుడు సౌరా సినిమాలో గుహలో కూర్చున్న వెర్రి భక్తుడు. 'ఎల్ అనకొరేతా'లో బాత్‌రూమ్ దాటి బయటికి రాకుండా పదకొండేళ్ళుగా బతికే మనిషి, ఆస్పిరిన్ గొట్టాల్లో చీటీలు పెట్టి లోకానికి పంపిస్తుంటాడు. దానికి 1977లో బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి వెండి ఎలుగుబంటి. 1985లో 'స్తికో'కు మళ్ళీ అదే. చాలా తర్వాత దర్శకుడు ఆల్మొదోవార్ 1999 సినిమాలో కూతుర్నే గుర్తుపట్టలేని ముసలి తండ్రిగా, ఎదురైన ప్రతివాళ్ళనూ వయసెంత, ఎత్తెంత అని అడుగుతూ కనిపిస్తారు. చిన్న పాత్ర అయినా, కుక్క ఆయన్ని లాక్కెళ్ళిన దారి మన కళ్ళలో ఉండిపోతుంది. మన దగ్గర స్పానిష్ సినిమా అంటే బున్యువెల్, సౌరా, ఆల్మొదోవార్ అని మూడు పేర్లు చెప్పి ఆగిపోతాం. వాళ్ళలో ఇద్దరి సినిమాల్లో ఈయన ముఖం ఉంది. అయినా పేరు అడిగితే ఎవరికీ తెలియదు.

రచయితగా ఆయన పేరు నిలబెట్టింది 'లాస్ బిసిక్లేతాస్ సోన్ పారా ఎల్ వెరానో' నాటకం. సైకిళ్ళు వేసవి కోసమే అని. ఫ్రాంకో పోయాక రాశారు. 1977 సంవత్సరపు లోపె దె వేగా బహుమతి దీనికే. 1982లో మాడ్రిడ్‌లోని తియాత్రో ఎస్పన్యోల్‌లో ప్రదర్శించారు. 1936 వేసవిలో లూయిస్ అనే కుర్రాడికి సైకిల్ కావాలి. పరీక్ష పాసైతే కొంటానంటాడు తండ్రి. యుద్ధం వస్తుంది. సైకిల్ రాదు. కథ ఇంతే. నాయకులు లేరు, సేనాధిపతులు లేరు, ఒక అపార్టుమెంటు ఇరుగుపొరుగు, వాళ్ళ వంటిళ్ళు.

అందులో పప్పు సన్నివేశం ఒకటుంది. ముట్టడిలో ఉన్న ఊరు, ఇంట్లో దొరికేది కాసిని పప్పు గింజలు మాత్రమే. వండిన కుండలో రోజూ పప్పు తగ్గిపోతోంది. ఎవరు తింటున్నారు? ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. ఒక్కొక్కరూ ఒప్పుకుంటారు, వంటింట్లోకి వెళ్ళినప్పుడు ఒక్క చెంచా తిన్నానని. ఒక్క చెంచానే కదా అనుకున్నారు ప్రతివాళ్ళూ. తండ్రి కూడా. ఎవరి మీదా ఎవరూ అరవరు. ఆకలి మనుషుల్ని దొంగల్ని చేయడం మనం చాలా కథల్లో చదివాం. ఆ దొంగతనాన్ని ఇంత సిగ్గుతో, ఇంత ప్రేమతో ఒక కుటుంబం పంచుకోవడం నేను ఇక్కడే చూశాను. చివర్లో తండ్రి కొడుకుతో అంటాడు, యుద్ధం అయిపోయింది నిజమే కానీ వచ్చింది శాంతి కాదు, విజయం అని. ఒక పక్షం గెలుపు మరో పక్షం ఇళ్ళలో ఎలా ఉంటుందో ఆ ఒక్క ముక్కలో ఉంది. మళ్ళీ వేసవి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలని అంటాడు. ఆ నాటకంలో ఆయన నటించలేదు. తండ్రి పాత్ర అగుస్తీన్ గొన్సాలెస్‌ది. కానీ ప్రతి మాటా నోట్లో ఎలా తిరుగుతుందో తెలిసిన మనిషి రాసిన నాటకమని మొదటి పేజీకే తెలిసిపోతుంది.

ఆ తర్వాత 'ఎల్ వియాహే ఎ నింగూనా పార్తే'. ఎక్కడికీ చేరని ప్రయాణం. ముందు రేడియోలో, 1985లో నవలగా, 1986లో సినిమాగా వచ్చింది. యుద్ధం తర్వాతి స్పెయిన్ పల్లెల్లో ఒక కుటుంబ నాటక కంపెనీ సామాన్లు మోసుకుంటూ ఊరి తర్వాత ఊరు తిరుగుతుంది. కాఫీ హోటల్లో ఒక మూల చోటిస్తే అక్కడే ఆడతారు. ఇవాళ ఊళ్ళో ఫుట్‌బాల్ ఉంది, నాటకం వద్దంటారు. ప్రొజెక్టరు పెట్టుకుని సినిమాలు వేసేవాడు వీళ్ళకంటే ముందే చేరుకుంటాడు. నటించడం ససేమిరా రాని కొడుకు. వెళ్ళిపోతానని రోజూ అనే నటి. హోసే సాక్రిస్తాన్ ప్రధాన పాత్ర. అతని తండ్రి, ముసలి నటుడు దోన్ అర్తూరోగా ఫెర్నాన్ గోమెస్.

ఒకసారి వీళ్ళున్న ఊళ్ళోకి సినిమా యూనిట్ వస్తుంది. ముసలాయనకు ఒక చిన్న డైలాగు ఇస్తారు. జీవితమంతా స్టేజీ మీద గొంతెత్తి చెప్పినవాడు. కెమెరా ముందు కూడా అలాగే చెబుతాడు, చేతులూపి, రాగం తీసి. దర్శకుడు మామూలుగా చెప్పమంటాడు. మళ్ళీ. మళ్ళీ. ఆయనకు చేతకాదు. చుట్టూ ఉన్నవాళ్ళకు ముందు నవ్వు, తర్వాత విసుగు. అవకాశం చేజారిపోతుంది. మాటకు ఇంత కండ పెట్టడమే గొప్ప అని నమ్మినవాడికి, ఆ కండే ఇప్పుడు తప్పయింది. ఈ పాత్ర వేస్తున్నదెవరు? కెమెరా ముందు ఎంత తక్కువ చేయాలో స్పెయిన్‌లో అందరికంటే బాగా తెలిసిన నటుడు. ఆ ఓడిపోయిన పాతతరాన్ని తన ఒంటి మీదికి తెచ్చుకుని, దాన్ని నవ్వులపాలు కానివ్వకుండా నిలబెట్టారు.

మా ఊళ్ళో టూరింగ్ టాకీస్ వచ్చిన ఏడాది తాతయ్య హార్మోనియం పెట్టె అటక ఎక్కింది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. సాయంత్రాలు టాకీస్ పాటలు వినపడుతుంటే అరుగు మీద వేళ్ళతో తాళం వేసేవారట, అమ్మ చెప్పేది. దోన్ అర్తూరో ఆ డైలాగు ఏడోసారి చెబుతున్నప్పుడు నేను సినిమా ఆపేసి కాసేపు బయట తిరిగి వచ్చాను.

1987లో స్పెయిన్ సినిమా అవార్డులు గోయాలు మొదటిసారి ఇచ్చారు. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, ఉత్తమ స్క్రీన్‌ప్లే ఈ సినిమాకే. ఉత్తమ నటుడూ ఆయనే, 'మంబ్రూ సె ఫ్వే ఎ లా గెర్రా' అనే ఇంకో సినిమాకు. ఆ పైన వరుస. 1995లో ప్రిన్స్ ఆఫ్ ఆస్టూరియస్ బహుమతి, 2000లో స్పానిష్ భాషా అకాడమీలో 'బి' అక్షరపు కుర్చీ, 2005లో బెర్లిన్ గౌరవ బంగారు ఎలుగుబంటి. తండ్రి ఇంటిపేరు దక్కని నాటకాలవాడు భాషకు కాపలా కాసే సభలో కూర్చున్నాడు. వీటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అకాడమీ కుర్చీ. నోటితో పలికే మాటకు ఆ ఇంట్లో చోటు దొరికినందుకు.

పోయే ముందు ఏడాది దావిద్ త్రూబా, లూయిస్ అలెగ్రే ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడించి ఒక డాక్యుమెంటరీ తీశారు, 'లా సియా దె ఫెర్నాందో'. అందులో ఆయన ఒక మాట అంటారు. స్పెయిన్ వాళ్ళ పెద్ద దోషం అసూయ అని అందరూ చెబుతారు, కాదు, చులకన అని. అసూయపడేవాడు ఎదుటివాడి గొప్పతనం ఒప్పుకున్నట్టే. చులకన చేసేవాడు అదీ ఒప్పుకోడు. ఈ మాట విన్నాక ఆయన పనంతా నాకు ఒక్క దారంలో కట్టినట్టు కనిపించింది. సర్వర్‌ను, ఎలక్ట్రీషియన్‌ను, పాత పంతుల్ని, రాగం తీసే ముసలి నటుణ్ణి చులకన కానివ్వకపోవడం. అలాంటి మనిషి జీవితాన్ని అర నిమిషం తిట్టుగా కుదించి నవ్వుకోవడం కూడా ఆయన చెప్పిన ఆ దోషమే.

ఆ రోజు ఆయన అరవకుండా ఉండాల్సిందా? ఉండాల్సిందే. అభిమాని సంతకం అడగడం నేరం కాదు. నేను దాన్ని సమర్థించను. కానీ దాని పక్కన ఆ పప్పు కుండను కూడా పెట్టి చూడండి.

2007 నవంబరు 21న మాడ్రిడ్‌లో పోయారు, 86 ఏళ్ళకు. జనం చివరి చూపు కోసం శవపేటికను తియాత్రో ఎస్పన్యోల్‌లో ఉంచారు, పాతికేళ్ళ కిందట సైకిళ్ళ నాటకం మొదటిసారి ఆడిన చోటే. పేటిక మీద అరాచకవాదుల ఎరుపు-నలుపు జెండా కప్పారు. కొలంబస్ పేరున్న కూడలి కింద నగరపాలక సంస్థ నడిపే నాటకశాలకు ఆయన పేరు పెట్టారు.

ఆ కూడలి నుంచి రెకొలేతోస్ రోడ్డు వెంట కిందికి నడిస్తే కఫే హిహోన్ వస్తుంది. దాని వెనక సందులోకి తిరిగితే ఇంకో నాటకశాల, ఆయన తల్లిని కోడలిగా రానివ్వని మరియా గెర్రేరో పేరుతో. మొత్తం పది నిమిషాల దూరం. ఎప్పటికైనా మాడ్రిడ్ వెళ్తే ఆ రోడ్డు మీద ఒక సాయంత్రం నడవాలని, తాతయ్య ఫోటో ఒకటి జేబులో పెట్టుకుని వెళ్ళాలని ఉంది.